లీకులాయన మీసం

ఆ ఏటవాలు వీధిలో ఎవరింట్లో గోడ చెమ్మగిల్లినా, ఎవరి కుళాయి ఆగకుండా టప్పుటప్పుమన్నా ముందు కబురు వెళ్ళేది లీకులాయనకే. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకీ ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది ఎవరికీ గుర్తులేదు. పైపుల పని ఆయనది. గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, "ఇదిగో, ఇక్కడ" అని గోటితో గీత గీసేవాడు. అక్కడ పగలగొడితే లీకు ఉండి తీరాల్సిందే. లేకపోతే అది గోడ తప్పు గానీ ఆయన తప్పు కాదు. ఈ మాట మీసం దువ్వుకుంటూ ఆయనే అనేవాడు. ఆ మీసం అలాంటిలాంటిది కాదు. పొద్దున్నే స్నానానికి ఎంతసేపు పట్టేదో దాన్ని దిద్దుకోవడానికీ అంతసేపు పట్టేది.

అంతటివాడి గుమ్మం ముందే ఒక లీకు కాపురం పెట్టింది. అది ఆయన పాత స్టేషన్ వ్యాగన్‌లో. పొడుగాటి బండి, నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే బండి. వానాకాలంలో ఆ జారుడు వీధి ఎక్కబోయిన మామూలు కార్లు సగం దాకా వచ్చి, దణ్ణం పెట్టి వెనక్కి పోయేవి. ఇది మాత్రం వెనకంతా పైపులు వేసుకుని కూనిరాగం తీస్తూ ఎక్కేసేది. అందుకే ఆయనకి అదంటే ప్రాణం. దానికున్న తెగులల్లా ఒక్కటే. మిగతా బండ్లు ఉక్కు స్ప్రింగుల మీద నిలబడితే ఇది గాలి మీద నిలబడుతుంది. ఒక్కో చక్రం దగ్గరా ఒక్కో రబ్బరు తిత్తి ఉంటుంది. డిక్కీ కింద ఉన్న చిన్న కంప్రెసర్ వాటిలోకి గాలి కొడుతుంది. గ్యారేజీవాళ్ళు దాన్ని ఎయిర్ సస్పెన్షన్ అంటారు, లీకులాయన గాలి తిత్తులనేవాడు. ఆ తిత్తులు ముసలివైపోయాయి. సాయంత్రం నిటారుగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి చతికిలబడి ఉండేది. తాళం తిప్పగానే కంప్రెసర్ గుర్రుమని, ఆవు లేచినట్టు మొదట వెనకభాగం, ఆ తర్వాత ముందుభాగం మెల్లిగా పైకి లేచేవి.

"ఊరందరి లీకులూ కట్టేది మా ఆయనే. మా ఇంటి లీకు కట్టడానికి మాత్రం ఇంకెవరినైనా పిలుచుకోవాలి" అనేది భార్య. ఆవిడ మొక్కల నర్సరీలో పని చేసేది. ఈ చివర మడిలో నిలబడి ఆ చివర మడిలో వాళ్ళని కేకేసే అలవాటు కాబట్టి, ఇంట్లో గుసగుసలాడినా వీధి మలుపు దాకా వినబడేది.

"నీళ్ళయితే ఎక్కడ కారుతున్నాయో కంటికి కనబడుతుందే. గాలి కనబడదు కదా!"

"కనబడనిది పట్టుకుంటేనే కదండీ గొప్ప!"

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు, అంటే భార్య తల్లి. డెబ్బై దాటాయి. కింద ఊళ్ళో నాటకాల హాలు ఉంది. అక్కడ వేషాలకి బట్టలు కుట్టే గదికి ఆవిడే పెద్ద. రాజుల అంగీలూ ఆవిడే కుట్టేది, బిచ్చగాళ్ళ చిరుగులూ ఆవిడే కుట్టేది. "చిరిగింది కుట్టడం ఎవరైనా చేస్తారు, చిరిగినట్టు కుట్టడం కష్టం" అనేది. తుంటి అరిగిపోయి చేతికి కర్ర వచ్చింది. ఆ కర్రకి తప్ప ఆవిడ ఇంకెవరికీ చెయ్యి ఇచ్చేది కాదు. కొడుకు ఒకసారి ఆప్యాయంగా మోచెయ్యి పట్టుకోబోతే అదే కర్రతో కాలి మీద ఒకటి వేసింది. "నన్ను ఒకళ్ళు పట్టుకుని బండెక్కించాల్సిన రోజున నేను పని మానేసి ఇంట్లో కూర్చుంటాను. అప్పటిదాకా నా జోలికి రాకండి" అని అందరికీ కలిపి ఒకేసారి చెప్పేసింది.

పొద్దున్నే అల్లుడికన్నా ముందే బయటికి వచ్చి, బండి తలుపు తీసి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి తిప్పుకునేది. ఆ తర్వాత అల్లుడొచ్చి తాళం తిప్పేవాడు. బండితో పాటు ఆవిడా పైకి లేచేది. "ఆహా, పల్లకీ లేచింది" అనేది. నాటకాల హాలు దగ్గర గట్టు ఎత్తుగా ఉండేది, బండి దాని పక్కనే ఆగేది కనక అక్కడ ఇబ్బంది లేదు. ఇంటి దగ్గర దిగడమంటారా, దిగడానికేముంది, జారితే చాలు. బండి స్టార్టు చేయకముందే ఆవిడ ఎందుకు ఎక్కి కూర్చుంటుందని మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దావిడ కదా, తొందర ఎక్కువ అనుకున్నారు.

ఒకరోజు తాళం తిప్పితే కంప్రెసర్ పలకలేదు. కారిపోయే తిత్తుల్ని నింపీ నింపీ దాని ఊపిరి పోయింది. బండిలో మాడిన వాసన. అత్తగారు సీట్లోంచే, "ఏం అల్లుడుగారూ, ఇవాళ బోయీలు రాలేదా?" అంది.

కబురందుకుని ఆవిడ కొడుకు, అంటే లీకులాయన బావమరిది, వచ్చాడు. దిగువ మలుపులో గ్యారేజీ అతనిది. అతని మీసమూ తక్కువదేమీ కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"ఎందుకు బావా ఈ గాలి గోల? నాలుగు ఉక్కు స్ప్రింగులు పడేస్తాను. ఈ జన్మలో మళ్ళీ కుంగదు."

"నేను పైపులవాణ్ణిరా. గాలైనా గొట్టంలోంచే కదా పోయేది. నేనే కడతాను."

"కట్టాక మళ్ళీ కుంగితే?"

"మీసం తీసేస్తా!"

"కుంగకపోతే నాది తీసేస్తా!"

"ఇద్దరూ ఇప్పుడే తీసేయండి, ఇంటికి పట్టిన పీడ పోతుంది" అంది అత్తగారు.

కొత్త తిత్తులూ కొత్త కంప్రెసరూ డబ్బాల్లో వచ్చాయి. లీకులాయన సెలవు రోజుల్లో పెరట్లో పనికి దిగాడు. ముందు పాత లీకులు తన కంటితో చూడాలనుకున్నాడు. లీకు చూడకుండా మార్చెయ్యడం ఆయన దృష్టిలో పని కాదు, పారిపోవడం. గ్యారేజీలోంచి గాలి పంపు తెచ్చి తిత్తుల్ని నింపి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి కుంచెతో రాశాడు. రబ్బరు ముడుచుకునే చోట బుడగలు పొంగాయి. నాలుగింటికీ అదే కథ.

అత్తగారు కర్ర ఊతంతో వచ్చి, విప్పిన తిత్తిని వేళ్ళతో తడిమి చూసింది. "మడత దగ్గరే పగిలింది. ఎప్పుడూ ఒకే మడత పెడితే బట్టయినా ఇంతేనయ్యా. మా హాల్లో పాత తెర ఇలాగే పోయింది" అంది.

బావమరిది పందెం కట్టినా మనిషి మంచివాడు. బండి కింద నిలిపే స్టాండ్లు ఇచ్చాడు, మూడు మాటలూ చెప్పాడు. బండిని జాకీల మీద ఎత్తే ముందు దాని సొంత తెలివిని నిద్రపుచ్చాలి. లేకపోతే చక్రాలు వేలాడటం చూసి, ఎత్తు ఎక్కువైందనుకుని ఉన్న గాలి వదిలేస్తుంది. అందుకు డ్రైవరు ముందున్న బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలి. ఇది మొదటి మాట. కొత్త తిత్తిలో కాస్తయినా గాలి నింపకుండా బండి బరువు దాని మీద దించకూడదు. దించితే రబ్బరు తప్పు మడతలో నలిగి చిరుగుతుంది. ఇది రెండోది. ఈ రెండూ లీకులాయన బుద్ధిగా విన్నాడు.

"మూడోది బావా. ఈ గాలి గొట్టాల బిగింపుల్లో చిన్న రబ్బరు ఉంగరం ఉంటుంది. అదే చాలు. నీ తెల్ల టేపు చుట్టకు."

ఇది మాత్రం ఈ చెవిలోంచి వెళ్ళి ఆ చెవిలోంచి బయటికి పోయింది. నీళ్ళ పైపుల మరలకి టేపు చుట్టకుండా ఒక్కటి బిగించి ఎరుగని చెయ్యి అది. టేపు లేకుండా బిగిస్తే ఆ చేతికి ఏదో ఒంటి మీద బట్ట లేనట్టే ఉంటుంది. చుడితే పోయేదేముందిలే అనుకుని, బావమరిది అటు తిరగగానే అన్ని బిగింపులకీ రెండేసి చుట్లు చుట్టేశాడు.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే బండి కొత్త పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి ఉంది. లీకులాయన పట్టరాని సంతోషంతో భార్యని కేకేశాడు. భార్య ఆ కబురు వీధిని కేకేసింది. జనం కాఫీ కప్పులతోనే బయటికొచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ సందట్లోనే అత్తగారు సంచీ భుజాన వేసుకుని వచ్చింది. బండి తలుపు తీసింది. సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది.

"ఇవాళ ఒంట్లో బాగోలేదు. మీరు వెళ్ళండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా అదే మాట. జ్వరం లేదు, నొప్పి లేదు, భోజనం మామూలే, కూతురి వంటకి వంకలు పెట్టడం కూడా మామూలే. మరి ఒంట్లో బాగోకపోవడమేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. భార్య గొంతు మొదటిసారిగా గడప దాటలేదు. "అమ్మకి ఏమైందండీ?" అని నిజంగానే గుసగుసగా అడిగింది. లీకులాయనకీ దిగులు పట్టుకుంది. ఏ రాజు నడుం లావెక్కిందో, ఏ రాకుమారి కుట్లు పిగిలాయో చెబుతూ ఆవిడ పక్కన కూర్చుంటే కిందికి దిగినట్టే ఉండేది కాదు. ఇప్పుడు ఆ వీధి తెగ పొడుగైపోయింది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున్న లీకులాయన తలుపు తీశాడు. బండి అత్తగారు కూర్చునే వైపు ముందు చక్రం మీదికి కూలబడి ఉంది. ఒక చెయ్యి మీసం మీదికి పోయింది. అటూ ఇటూ చూశాడు. బావమరిది కంటపడకుండా కప్పేద్దామని పెరట్లోకి పరిగెత్తి టార్పాలిన్ ఈడ్చుకొచ్చాడు. వచ్చేసరికి అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుని ఉంది.

"ఒంట్లో బాగుంది. పదండి, ఆలస్యమవుతోంది" అంది.

ఆయనకి సంతోషమే. కానీ ఆ పూట బుర్ర నిండా మీసమే ఉండటం వల్ల, సంతోషం పక్కనే కూర్చున్న సంగతి కనబడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, డిక్కీ నేల విప్పి, నాలుగు తిత్తులకీ గాలి పంచే వాల్వుల దిమ్మని చేతిలోకి తీసుకుని విప్పాడు. ఒక వాల్వు నోట్లో తెల్లగా, నలిగిపోయి, తన టేపు ముక్కే కూర్చుని ఉంది. వాల్వు సరిగ్గా మూసుకోనివ్వకుండా అదే గాలిని బయటికి తోలేసింది. "చెబితే వినని చెయ్యి" అని ఎడమచేత్తో కుడిచేతి మీద ఒకటి కొట్టుకున్నాడు. టేపంతా ఊడబీకి, రబ్బరు ఉంగరాలతోనే బిగించాడు. కట్టడం ఇప్పటికి పూర్తయింది కనక పందెం లెక్క ఇక్కణ్ణుంచేనని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు.

మర్నాడు బండి నిలబడింది. అత్తగారికి మళ్ళీ ఒంట్లో బాగోలేదు. ఈసారి చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర ఉంది. ఆ గదిలో పెద్ద ఎవరైతే వాళ్ళ దగ్గర ఉండే కత్తెర అది.

"దీన్ని హాల్లో ఇచ్చేయండి అల్లుడుగారూ. ఇంక ఆ పిల్లలే చూసుకుంటారు. నేను చేసింది చాలు" అంది. మాట తేలిగ్గానే అంది గానీ, కత్తెర ఆయన చేతికి వచ్చాక కూడా ఆవిడ వేళ్ళు దాన్ని వెంటనే వదల్లేదు.

ఆయన కత్తెరని పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరాడు. మొదటి మలుపులో బ్రేకు వేస్తే అది సీటు మీంచి జారబోయింది. చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఆ ఖాళీ సీటు వైపు అప్పుడు చూశాడు, సరిగ్గా చూశాడు. బండి నిలబడిన రోజు ఒంట్లో బాగోలేదు. కుంగిన రోజు బాగుంది. పల్లకీ లేచిందని ఎన్నేళ్ళుగా అంటోంది! నేల మీదికి దిగితేనే కదా పల్లకీ ఎవరైనా ఎక్కేది! బండిని పక్కకి తీసి ఆపేశాడు. "గోడ లోపలి చుక్క వినబడే చెవిరా నాది, ఇంట్లో మనిషి మాట వినబడలేదు" అని పైకే అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. అత్తగారంటే తనకి ఎంత ఇష్టమో ఆయనకి అంతకుముందు ఎప్పుడూ ఇంత స్పష్టంగా తెలియలేదు.

చెయ్యి అందిస్తే కర్ర లేస్తుంది. ముక్కాలి పీట వేస్తే 'నువ్వు ఎక్కలేవు' అని అందరి ముందూ చెప్పినట్టే. బండిని దించే బటన్ ఒకటుంది గానీ అది సగం దించి ఊరుకుంటుంది. బాగా ఆలోచించి, సాయంత్రం డిక్కీ పక్క గోడలో, ఆవిడ వైపు ముందు తిత్తికి పోయే గొట్టానికి ఒక చిన్న ఇత్తడి కుళాయి పెట్టాడు. టేపు చుట్టలేదు. తిప్పితే ఉస్సురని గాలి పోయి, ఆ మూల మెల్లిగా నేల మీదికి వంగింది. పొద్దున్న కట్టేసి తాళం తిప్పితే మళ్ళీ లేస్తుంది. జీవితమంతా లీకులు కట్టిన మనిషి మొదటిసారి తన చేత్తో ఒక లీకు పెట్టాడు. నిజం చెప్పాలంటే అంత చక్కటి పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

పొద్దున్న అత్తగారు వచ్చేసరికి బండి వంగి ఉంది, కత్తెర సీటు మీద ఉంది. ఆవిడ బండిని చూసింది, కత్తెరని చూసింది, అల్లుణ్ణి చూసింది.

"ఇవ్వలేదా?"

"హాలు మూసి ఉందండీ."

"పట్టపగలా?"

"అవునండీ, పట్టపగలే."

ఆవిడ కత్తెర తీసి సంచీలో వేసుకుని, వెనక్కి తిరిగి కూర్చుంది.

బావమరిది కంట పడకుండా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు పొద్దున్నే ఎగువకి వస్తూ చూడనే చూశాడు. "కుంగింది! బావా, కుంగింది!" అని వీధిలోనే చిందులేశాడు. లీకులాయన నోటిదాకా వచ్చింది మాట. చెబితే మీసం దక్కుతుంది. కానీ చెబితే సాయంత్రానికల్లా ఇంటావిడ గొంతు మీద అది వీధంతా తిరుగుతుంది, అత్తగారు శాశ్వతంగా ఇంట్లో కూర్చుంటుంది. "అవునురా, ఓడిపోయాను" అన్నాడు. లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడి, ఒక నిట్టూర్పు విడిచి, గీసేశాడు.

తర్వాత ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పక్కింటి కుక్క మొరిగింది. కుళాయి బాగుచేయించుకోవడానికి వచ్చినావిడ ఆయన్నే పట్టుకుని "లీకులాయన లేరా?" అని అడిగింది. భార్య నవ్వీ నవ్వీ గుమ్మంలో కూలబడింది. అత్తగారొక్కతే నవ్వలేదు. ఆయన మొహం వంక ఒకసారి చూసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఆయన మాత్రం రోజూ సాయంత్రం వాషర్లు వెతికే నెపంతో డిక్కీ తెరిచి కుళాయి తిప్పేవాడు. పై పెదవి చల్లగా ఉండేది గానీ మనసు హాయిగా ఉండేది.

అలా రోజులు నడుస్తుండగా ఒకనాడు ఎక్కడో పెద్ద గొట్టం పగిలి, ఒళ్ళంతా తడిసి ఇంటికొచ్చి, తిన్నది కూడా తెలియకుండా నిద్రపోయాడు. పొద్దున్న కళ్ళు తెరవగానే గుర్తొచ్చింది. కుళాయి తిప్పలేదు! చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. బండి ఎప్పటిలాగే వంగి ఉంది. అత్తగారు సీట్లో కూర్చుని ఉంది.

"ఆ కుళాయి బిగుసుకుపోయింది అల్లుడుగారూ. ఒక నూనె చుక్క వెయ్యండి" అంది.

ఆయన డిక్కీ తెరిచి చూశాడు. ఇత్తడి కుళాయి పిడికి ఎర్ర మఖమల్ గుడ్డతో చిన్న తొడుగు, వేళ్ళకి పట్టు దొరికేలా సన్నటి కుట్లతో. ఏ రాజుగారి అంగీలో మిగిలిన ముక్కో అది.

"మీకెప్పటినుంచి తెలుసండీ?"

"డిక్కీలో బట్టల మూటలు పెట్టుకునేది నేనే కదా. మొదట్లోనే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

సరిగ్గా అప్పుడే బావమరిది గ్యారేజీకి పోతూ ఆగాడు. "ఏం బావా, ఇవాళ కూడా చతికిలబడిందా? ఇప్పటికైనా ఉక్కు స్ప్రింగులు వేయించవయ్యా, మళ్ళీ మీసం పెంచుకుందువు గాని!" అన్నాడు. గుమ్మంలో భార్య నవ్వింది. ఎదురింటివాళ్ళూ నవ్వారు.

అత్తగారు అద్దం దించింది.

"ఒరేయ్, ఇలా రా. ఈ బండి కుంగలేదు. నేను ఎక్కలేకపోతున్నాను. అందుకని మీ బావ దీన్ని నాకోసం వంచుతున్నాడు. ఇవాళ వంచింది నేనే. నా పరువు నిలబెట్టడానికి ఆయన మీసం తీసేసుకున్నాడు. పందెం గెలిచింది ఆయన."

వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఎక్కలేకపోతున్నాననే మాట ఆ నోటి వెంట వస్తుందని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఆవిడ మాత్రం గడ్డం ఇంత పైకెత్తి, సంచీలో చెయ్యి పెట్టి, పెద్ద కత్తెర బయటికి తీసింది.

"నీ మీసం బాకీ ఉంది. దగ్గరికి రా, నేనే తీస్తాను."

బావమరిది మీసాన్ని రెండు చేతులతో కప్పుకుని "అమ్మా! అమ్మా! సాయంత్రం నేనే తీసేసుకుంటానే!" అని దిగువకి పరుగు లంకించుకున్నాడు. భార్య నవ్వు నర్సరీ దాకా వినబడి ఉంటుంది. లీకులాయన మాత్రం డిక్కీ దగ్గరే నిలబడిపోయాడు. ఆ తర్వాత మఖమల్ తొడుగు పట్టుకుని కుళాయి కట్టేసి, వచ్చి తాళం తిప్పాడు. కంప్రెసర్ గుర్రుమంది. వంగిన మూల మెల్లిగా పైకి లేచింది.

"పల్లకీ లేచిందండీ అత్తయ్యగారూ" అన్నాడు ఆయన.

"లేచింది. పోనివ్వండి, ఆలస్యమైంది" అంది ఆవిడ, కత్తెర గుడ్డలో చుట్టుకుంటూ.